చేతి గంట, మెడ గంట

నా చిన్నప్పుడు నన్ను లేచి నిలబడమనే హక్కు బడిలో సారుకొక్కడికే ఉండేది. ఇప్పుడది నా చేతి గడియారానికి దక్కింది. పెళ్లిరోజుకని మా ఆయన కొనిచ్చాడు. కుదురుగా కూర్చుని పని చేసుకుంటుంటే మణికట్టు దగ్గర గుర్రుమని, లేచి కాస్త అటూ ఇటూ నడవమంటుంది. మా అత్తగారు కూడా ఏనాడూ అనని మాట. ఒకసారి ముఖ్యమైన మీటింగులో గుర్రుమంటే మా పై అధికారి నా వైపు జాలిగా చూసి, బిస్కెట్ల ప్లేటు నా ముందుకు జరిపాడు. తీసి పక్కన పెడితే ఇంట్లో మాట పడాలి, పెట్టుకుంటే బయట. ప్రస్తుతానికి బయట పడుతున్నాను.

నాకింకా నలభై రాలేదు. అయినా "నా చిన్నప్పుడు" అని నోరు తెరవగానే ఆఫీసులో చిన్నవాళ్లు మర్యాదగా ఫోన్లు కింద పెడుతున్నారు. ఆ మర్యాద చూస్తే పెద్దదాన్నైపోయానని తెలుస్తోంది. కాబట్టి చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వీపనగండ్ల దగ్గరి మా పల్లెలో, మా తాతా మా నాయినా ఒకే ఇంట్లో ఉంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. మా నాయిన వేరేవాళ్ల ట్రాక్టరు నడిపేవాడు. సొంతంగా ఒకటి కొనాలని ఆయన పట్టు. అందుకు ముందు ఇంట్లో ఉన్న ఎడ్ల జతను అమ్మాలి. తాను బతికుండగా కొట్టంలోంచి ఎడ్లు కదలవని మా తాత పట్టు. అమ్మ ఇద్దరికీ వేరువేరుగా అన్నం పెట్టేది, ఇద్దరినీ కలిపి తిట్టేది.

మాట్లాడుకోవడం మానేశారన్నాను గానీ, మాటలేమీ తగ్గలేదు. ఒకే మంచానికి ఈ చివర తాత, ఆ చివర నాయిన కూర్చునేవారు. మాట మాత్రం నా మీదుగా పోయేది.

"మీ తాతకు చెప్పు బిడ్డా, ట్రాక్టరు గంటల దున్నేది ఈ ఎడ్లు పొద్దందాక గీకుతయని."

తాత ఆ మాట విన్నాడు. మూరెడు దూరంలో ఉన్నాడు, వినక ఏం చేస్తాడు? అయినా నేను వెనక్కి తిరిగి ఆయనకు మళ్లీ చెప్పాలి. చెప్పాకే జవాబు వచ్చేది.

"మీ నాయినకు చెప్పు, గంట మా ఎడ్లకు గూడ ఉన్నదని. మెడల ఉన్నది. అవి మీ నాయిన లెక్క దాన్ని సూస్కుంట నడ్వవని చెప్పు."

కొన్ని మాటలు నేను మధ్యలోనే మింగేసేదాన్ని. మింగినవి కూడా అవతలివాళ్లకు అందుతూనే ఉండేవి.

ఆ గంట మాట తాత ఊరికే అనలేదు. ట్రాక్టరు కిరాయి గంట లెక్క. ఆ లెక్క చూడ్డానికి మా నాయిన చేతికి ఎప్పుడూ గడియారం ఉండేది. స్నానానికి పోయినా తీసేవాడు కాదు. పొలంవాళ్లు మంచినీళ్లిస్తే తాగుతూ కూడా దాన్నే చూసేవాడు. ఎడ్ల పని మాత్రం పూట లెక్క. పొద్దున కాడి కడితే మధ్యాహ్నం విప్పే దాకా ఒక పూట. ఆ పూట ఎండాకాలంలో ఎంత, చలికాలంలో ఎంత అని అడిగితే మా తాత నన్ను ఎగాదిగా చూసి, "పూటంత" అనేవాడు.

ఆయనకు గడియారం లేదు. మా ఊరి మసీదులో మధ్యాహ్నం అజాన్ వినిపించగానే కాడి విప్పేవాడు. ఆయన ఒక్కడే కాదు, ఆ పక్క చేలల్లో అరక కట్టినవాళ్లందరిదీ అదే పద్ధతి. కలుపు తీసే ఆడవాళ్లు సద్దిమూటలు విప్పేదీ అప్పుడే. కానీ మా ఎడ్లు అందరికంటే ఒక అడుగు ముందుండేవి. సాలు మధ్యలో ఉన్నా సరే, అజాన్ మొదటి మాట చెవిన పడగానే రెండూ టక్కున ఆగిపోయేవి. తర్వాత ఎవరేం చేసినా ఆ పూటకు అడుగు పడేది కాదు. మెడలు కాస్త వంచి, కాడి ఎప్పుడు తీస్తారా అని నిలబడేవి. సెలవు రోజుల్లో బావి దగ్గర్నుంచి బక్కెటతో నీళ్లు తెచ్చి పెట్టడం నా పని. కుడివైపు కట్టే ఎలపటి ఎద్దు ముందు తాగేది. ఎడమవైపుది, దాపటిది, అది తాగినంత సేపూ నన్ను నేరస్తురాలిని చూసినట్టు చూసేది.

అజాన్ ఇచ్చే ముసలాయన మా పక్కింట్లోనే ఉండేవాడు. బట్టలు కుట్టేవాడు. ఊరంతా ఆయన్ని సాబు అనేది, నాకు సాబు తాత. ఆయనకూ మా తాతకూ స్నేహమని అందరూ అనేవారు. ఇద్దరూ తిట్టుకోని రోజు నేనైతే చూడలేదు.

"ఏం సాబూ, ఇయ్యాల నిద్రపోయినవా? నా ఎడ్లు మొహం మాడ్సుకున్నయ్" అనేవాడు మా తాత.

"నీ ఎడ్ల కోసమా నేను అజా ఇచ్చేది? పోయి నీళ్లు పెట్టుకోపో" అనేవాడు ఆయన, సూదిలో దారం ఎక్కిస్తూ. కరెంటు పోయి మైకు పలకని రోజు మాత్రం, ఊరి చివరి చేల దాకా వినపడాలన్నట్టు గొంతెత్తి పిలిచేవాడు. ఎందుకంత గట్టిగా అని నేనడిగితే, "మీ తాత నోటికి భయపడి" అన్నాడు.

బడిలో చివరి పీరియడంతా నేను గోడ గడియారం వైపే చూస్తూ ఉండేదాన్ని. ఇంకెంతసేపు, ఇంకెంతసేపు అని. ఎడ్లను చూస్తే అసూయగా ఉండేది. వాటికి ఆ ప్రశ్న లేదు. అజాన్ వినపడే దాకా పని, వినపడ్డాక నీళ్లు. మధ్యలో తల ఎత్తి సూర్యుణ్ని చూసిన ఎద్దును నేను చూడలేదు. అదొక గొప్ప సుఖమని అప్పట్లో అనుకున్నాను. పిల్లలు చాలా అనుకుంటారు.

ఇంతలో పక్క ఊరి జాతర వచ్చింది. జాతరలో బండలాగుడు పందెం. కాడికి గొలుసుతో పెద్ద బండరాయి కట్టి, ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జత గెలిచినట్టు. అసలు పందెం ఎడ్ల సంగతి వేరు, వాటి మేత మా ఇంట్లో మనుషులకు కూడా ఉండేది కాదు. అవి వచ్చేలోపు జనం లేచిపోకుండా సేద్యపు ఎడ్లకు ఒక చిన్న పందెం పెట్టేవారు. మా నాయిన నా ద్వారా కబురు పంపాడు.

"మీ తాతకు చెప్పు. పందెంల గెలిస్తే ఎడ్లు ఇంట్లనే ఉంటయ్, నేను మళ్ల నోరు తెర్వ. ఓడితే పెబ్బేరు సంతల అమ్ముడే."

తాత చాలాసేపు చుట్ట వెలిగించుకున్నాడు. అది అప్పటికే వెలిగి ఉంది. "సరే అని చెప్పు" అన్నాడు. నాకు చెప్పే అవసరం లేకపోయింది. నాయిన అప్పటికే లేచి వెళ్లిపోయాడు.

జాతర రోజు మా వంతు వచ్చేసరికి పొద్దు నడినెత్తికి ఎక్కింది. ఆ గొడవ ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. డప్పులు, ఈలలు, మైకులో ఒకాయన గొంతు చించుకోవడం, రంగులరాట్నం కిర్రుమనడం. మా ఎడ్లు ఎన్నడూ లేనంతగా లాగాయి. ముందు లాగిన జతలన్నింటినీ మించిపోయేట్టున్నాయని మైకాయనే అన్నాడు. మా తాత పగ్గాలు పట్టుకుని పక్కనే పరుగు. తలకు చుట్టిన రుమాలు జారి భుజం మీద పడినా చూసుకోలేదు. జనంలో ముందు వరసలో మా నాయిన. ఎడ్లు ఓడిపోవాలని వచ్చిన మనిషి అరవడం మొదలుపెట్టాడు. "లాగు! లాగు బిడ్డా! హై!" అని. తనకు తెలియకుండానే అరుస్తున్నాడని నాకనిపించింది. ఒక్క క్షణం మా ఇంట్లో గొడవ తీరిపోయింది.

అప్పుడు మైకాయన అన్నాడు: "అయ్యా, అజా అయితుంది. అయ్యేదాంక జర మైకు, డప్పులు బందు పెడ్తున్నం. పందెం మాత్రం నడుస్తది."

ఆ ఊరి మర్యాద అది. ఏటా అలాగే చేసేవారు. నా లెక్కలో ఆ జాతరలో జరిగిన అన్ని పనుల్లోకీ అదొక్కటే మర్యాదైన పని. దాని వల్లే మేం ఓడిపోయాం.

డప్పులు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఆ ఊరి మసీదు నుంచి అజాన్ స్పష్టంగా, తీరిగ్గా వచ్చింది. మా ఎడ్లు టక్కున ఆగాయి. మెడలు వంచి నిలబడ్డాయి.

"ఏందిరో, ఎడ్లు అజా ఇంటున్నయ్ రో!" అని ఎవరో అన్నారు. ముందు ఒక పక్క నవ్వారు, తర్వాత నాలుగు పక్కలా. మా తాత "హై" అనలేదు. ఒక్కసారి అదిలించను కూడా లేదు. ఆయనకు తెలుసు. మా నాయిన మాత్రం జనాన్ని తోసుకుని లోపలికొచ్చాడు. ఎవరి చేతిలోదో చెర్నాకోల లాక్కుని దాపటి ఎద్దు వీపు మీద కొట్టాడు. అది కదలలేదు, చర్మం ఒక్కసారి వణికించింది. మళ్లీ ఎత్తిన చేతిని మా తాత పట్టుకున్నాడు, సరిగ్గా గడియారం ఉన్నచోట.

"పూట అయింది" అన్నాడు.

ఎన్నో రోజుల తర్వాత ఆయన మా నాయినతో నేరుగా అన్న మొదటి మాట అది.

"గడియారంల ఇంక టైమున్నది!"

"నీ గడియారంల ఉన్నది" అని, మా తాత పందెం మధ్యలో, అంతమంది ముందు, రోజూ చేసేట్టే కాడి విప్పాడు. గొలుసూ బండా అక్కడే పడి ఉన్నాయి. ఎడ్లను పట్టుకుని నీళ్ల తొట్టి వైపు నడిచాడు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. మైకాయన మా ఎడ్ల భక్తి గురించి నాలుగు మాటలు చెప్పి జనాన్ని నవ్వించాడు. మా నాయిన నవ్వలేదు. చెర్నాకోల ఎవరిదో అడిగి, తిరిగి ఇచ్చేశాడు.

ఆ వారమే పెబ్బేరు సంత. మాట తప్పుతాడేమోనని మా తాత వైపు నేను ఆశగా చూశాను. ఆయన తప్పలేదు. పెద్దవాళ్లు కొన్ని అనవసరమైన చోట్ల నిజాయితీగా ఉంటారు. గద్వాల అవతలి నుంచి వచ్చిన ఒక కౌలు రైతు జతను కొన్నాడు. మెడల గంటలు మా తాత విప్పలేదు. వాటితోనే పంపాడు. ఆ తర్వాత ఇంట్లో ఇద్దరి మధ్యా నా ద్వారా వెళ్లే మాటలు కూడా ఆగిపోయాయి. నాకు పని లేకుండా పోయింది. మంచం రెండు చివర్లా ఇద్దరు, మధ్యలో అంత ఖాళీ. ఆ ఖాళీలో కూర్చోవడానికి నాకు భయంగా ఉండేది.

తొలకరి పడ్డాక ఒక సంతరోజు మా నాయిన ఏదో తీరుగా ఇంటికొచ్చాడు. రాజీకి వచ్చిన మనిషి నడక అది. కాళ్లు కడుక్కుని, మంచం మీద తన చివర కూర్చుని, చాలా రోజుల తర్వాత నన్ను పిలిచాడు.

"మీ తాతకు చెప్పు. ఎడ్లు కొన్నాయన సంతల కల్సిండు. మస్తు ఖుషీ ఉన్నడు. అట్లాంటి జత ఆ దిక్కు ఎవ్వరికీ లేదన్నడు. పొద్దు గూకిందాంక ఒక్క తీరుగ నడుస్తయంట, కొట్టే పనే లేదంట. ఆగనే ఆగవన్నడు."

మా తాత జొన్నరొట్టె తుంచుతున్నాడు. తుంచిన ముక్క పళ్లెంలో పెట్టేశాడు. "ఆ ఊర్ల మసీదు ఉన్నదేమో అడుగు" అన్నాడు.

నేను నాయిన వైపు తిరిగాను. ఆయనకు ప్రశ్న అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం మారిపోయింది. "నాకేం తెల్సు" అన్నాడు, నాతో కాదు, తాతతోనే. మా తాత చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే మా తాత, సాబు తాత, నేను బస్సెక్కాం. నన్నెందుకు తీసుకెళ్లారంటే, మా తాతకు చదువు రాదు, సాబు తాతకు ఉర్దూ ఒక్కటే వచ్చు, బస్సుల మీద బోర్డులేమో తెలుగులో ఉంటాయి. దారి పొడుగునా ఇద్దరూ తిట్టుకున్నారు. ఈ వయసులో తనను ఊళ్లు తిప్పుతున్నాడని ఆయన, సాయంత్రం నమాజుకల్లా ఊళ్లో దింపుతానన్నాను కదా అని ఈయన. కృష్ణ దాటేటప్పుడు మాత్రం ఇద్దరూ కిటికీలోంచి నీళ్లు చూశారు.

ఆ ఊళ్లో మసీదు లేదు. మేం చేరేసరికి మధ్యాహ్నం దాటింది, ఊరికి దూరంగా, గట్టుకు ఆనుకుని ఉన్న చేలో ఆ రైతు దున్నుతున్నాడు. మా ఎడ్లే. ఎముకలు లెక్కపెట్టేంతగా చిక్కిపోలేదు, అలా చెబితే అబద్ధమవుతుంది. మేత బాగానే పెడుతున్నాడు. కానీ వాటి నోటి నుంచి నురగ కారుతోంది. ఆ నడకలో మార్పేమీ లేదు. అదే నడక, పొద్దున్నే కాడి కట్టినప్పటి నడక. ఎంతసేపట్నుంచి నడుస్తున్నాయో వాటిని చూస్తే తెలియదు. మా తాత గట్టు మీద నిలబడి పిలిచాడు.

"మధ్యాన్నం కాడి ఇడ్వాలె గదయ్యా."

"అవే నడుస్తున్నయ్ పెద్దయ్యా. సూడు, నా చేతిల కట్టె గూడ లేదు."

"కట్టె లేకున్నా నడుస్తయ్. అందుకే చెప్పనీకి వొచ్చిన. వాటికి తెల్వదు."

"ఏం తెల్వదు?"

"అయిపోయిందని తెల్వదు."

ఆ రైతు నాగలి ఆపలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. "నేల పదును ఆరిపోతాంది. బేగ ఇత్తనం పడకుంటే ఏడాదంతా నా పిల్లలకు ఏం పెట్టాలె? కౌలు భూమి నాది. అమ్మినంక ఈ పెత్తనమేంది? వాటి మీద నీకు అంత ప్రేమ, పావురముంటే ఎందుకమ్మినవ్?"

మా తాతకు చెప్పడానికి మా నాయిన పేరు ఉంది, పందెం ఉంది, మైకు ఉంది. ఏదీ చెప్పలేదు. సాబు తాత ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఇదంతా తనకు పట్టనట్టు, మేం తెచ్చుకున్న నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. ఎక్కడున్నా ఆయన నమాజు ఆయనకుంటుంది కదా. గట్టు మీద కాస్త చదునైన చోటు చూసుకుని, పడమర వైపు నిలబడి, చెవుల దగ్గర చేతులు పెట్టుకుని అజాన్ మొదలుపెట్టాడు. మైకు లేదు. కరెంటు లేని రోజుల గొంతు. బస్సులో తిట్టీ తిట్టీ కొంచెం బొంగురుపోయింది.

ఎడ్లు ఆగిపోయాయి. సాలు మధ్యలో, టక్కున.

రైతు "హై, హై" అన్నాడు. పట్టుకున్న నాగలి మేడితోక ఊపాడు. ముందుకొచ్చి పగ్గం గుంజాడు. అజాన్ ముగిసే దాకా గుంజాడు. రెండూ మెడలు వంచి నిలబడే ఉన్నాయి. ఎలపటి ఎద్దు తల తిప్పి మా వైపు చూసింది. మా తాతను గుర్తుపట్టిందని రాయాలని నాకు ఎంతో కోరికగా ఉంది. అది చూసింది నా చేతుల వైపు. బక్కెట ఉందా అని.

నా చేతిలో బక్కెట లేదు.

ఆ చూపు నాతోనే ఉండిపోయింది. ఇప్పుడు నా కింద కొంతమంది పనిచేస్తారు. ఏటా వాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాసి సంతకం పెట్టాలి. ఫలానా అమ్మాయి ఆగకుండా పనిచేస్తుంది, ఒక్కసారీ ఎదురు మాట్లాడలేదు, అడక్కుండానే పొద్దుపోయే దాకా ఉంటుంది అని పై నుంచి ఎవరైనా మెచ్చుకుంటే నా పెన్ను అక్కడ ఆగుతుంది. ఆ అమ్మాయిని పిలిచి, తిన్నావా, ఇంటికెప్పుడు పోతావు అని అడుగుతాను. ఈవిడకేం పట్టిందని వాళ్లు నన్ను అనుమానంగా చూస్తారు. ఆగకపోవడం మంచితనమని నేను అనుకోలేను. ఆగమని చెప్పేవాళ్లు లేరేమోనన్న దిగులే ముందు పుడుతుంది. నా ఉద్యోగానికి ఈ అలవాటు ఏ మాత్రం పనికిరాదు. అయినా మానుకోలేదు.

ఆ రోజు కాడి విప్పాల్సింది ఆ రైతు. మా తాత చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీదే నిలబడ్డాడు, ఒక్క అడుగూ చేలోకి వేయలేదు. రైతు చాలాసేపు ఎడ్లనూ, మబ్బునూ, దున్నకుండా మిగిలిన చేనునూ చూశాడు. చివరికి వంగి, పలుపులు ఊడదీశాడు. ఎడ్లు నీడకు నడిచాయి. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ మా దగ్గరికొచ్చాడు. గట్టు మీద నమాజుకు నిలబడ్డ సాబు తాతను చూశాడు, మా తాతను చూశాడు, నన్ను కూడా చూశాడు.

"ఇయ్యాలంటే సాబు వొచ్చిండు" అన్నాడు. "రేపెవలొస్తరు?"